పక్క తిప్పని పండు

వీధిలో అందరూ ఆమెను పళ్ళ పిన్ని అంటారు. ఆమెకన్నా పెద్దవాళ్ళూ అలాగే అంటారు. ఆమె పిన్ని కాబట్టి ఆమె మొగుడు బాబాయి అయ్యాడు.

కొట్టు ఇంటి ముందుగదిలో ఉంది. వెనకగదిలో మంచం. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఆమె చేసే మొదటి పని పళ్ళను తిప్పడం. పండు ఎంత మేలిమిదైనా ఒకేచోట కూర్చుంటే కూర్చున్నచోట మెత్తబడుతుంది. ముందు చర్మం రంగు తగ్గుతుంది. తర్వాత వేలు ఆనిస్తే లోపలికి పోతుంది. దాన్ని ఆమె కూర్చున్న మచ్చ అంటుంది. ఆపిల్‌నూ నారింజనూ ఒక్కొక్కటిగా ఎత్తి, అడుగుభాగం పైకి వచ్చేలా పెడుతుంది. బేరిపళ్ళను రెండు చేతులతో పట్టుకుంటుంది. మధ్యాహ్నం బేరం పలచబడ్డాక ఇంకోసారి తిప్పుతుంది.

పళ్ళయ్యాక వెనకగదిలోకి వెళ్ళి మొగుణ్ణి తిప్పుతుంది.

అతను మండీలో హమాలీ. లారీల మీది పళ్ళపెట్టెలు దించేవాడు. ఒక వానరోజు తడి నిచ్చెన మీద కాలు జారింది. అప్పటినుంచి నడుము కింద ఏమీ తెలియదు. ఒకే పక్క ఉంచితే ఒళ్ళు పుండు పడుతుందని నర్సమ్మ చెప్పి వెళ్ళింది. ఆ మాట నాకు వేరే చెప్పాలా అనుకుంది పిన్ని.

పళ్ళపని ఆమెకు నేర్పింది అతనే. పెళ్ళయిన కొత్తలో మండీకి తీసుకెళ్ళి, పెట్టెలో పైవరస తీసి పక్కన పెట్టి, అడుగువరస చూడమన్నాడు. పైవి చూసేవాళ్ళు కొనుక్కుని పోతారు, అడుగువి చూసేవాళ్ళు కొట్టు పెడతారు అన్నాడు. కానీ పండు ఎందుకు చెడుతుందన్న దగ్గర ఇద్దరికీ పడేది కాదు. పండుకి శత్రువు దాని బరువే అని అతని వాదం. కాదు, గింజ దగ్గరే మొదలై బయటికి వస్తుంది, బరువు దాన్ని త్వరగా బయటపెడుతుంది, అంతే అని ఆమె వాదం. కోసి చూపించినా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇద్దరి కుందేళ్ళకూ మూడే కాళ్ళు. అతని అక్క పక్కింట్లోనే ఉంటుంది. పెళ్ళంటే ఇదేనా, కుళ్ళిన పళ్ళ మీద పంచాయితీయా అని గోడ అవతలినుంచి అనేది.

అతను పడ్డాక ఆ వాదం ఆగిపోయింది. దేవుణ్ణి తిట్టలేదు, నిచ్చెనను తిట్టలేదు. పెడితే తిన్నాడు. తిప్పితే తిరిగాడు. టీవీ పెడితే చూశాడు, కట్టేస్తే గోడ చూశాడు. ఏదైనా అడగడం మాత్రం మానేశాడు. మండీలో రేటు అడగలేదు. ఎవరొచ్చారని అడగలేదు. టైమెంతయిందని కూడా అడగలేదు. పిన్నికి ఒంటిమీద పుండు భయం లేదు. దాన్ని రానివ్వకుండా ఎలా చూసుకోవాలో ఆమెకు తెలుసు. ఈ అడక్కపోవడానికి మాత్రం ఏం చెయ్యాలో తెలియలేదు.

అప్పుడు మేడమీదికి ఒక అమ్మాయి అద్దెకు వచ్చింది.

ఊరి చివర కంచె వెనక రాకెట్ కేంద్రం ఉంది. అమ్మాయి అక్కడ శిక్షణలో ఉండేది. అంతరిక్ష కేంద్రానికి వెళ్ళి ఉండబోయేవాళ్ళలో ఆమె ఒకతె. రోజూ పెద్ద నీళ్ళతొట్టిలో మునిగి పని నేర్చుకునేదట. సాయంత్రం తడిజుట్టుతో వచ్చి, ఖాళీ పెట్టె బోర్లించుకుని, రెండు గదుల మధ్య గుమ్మంలో కూర్చుని ఆపిల్ తినేది. తింటూ మాట్లాడేది. ఎవరు వింటున్నారో చూసుకునేది కాదు.

ఒకరోజు, అక్కడ కింద, పైన అనేవి ఉండవని చెప్పింది. చెంచా వదిలేస్తే వదిలేసినచోటే ఉంటుంది. మనుషులు గోడకు సంచి కట్టుకుని అందులో నిలబడి నిద్రపోతారు. నిలబడటం అన్నా పడుకోవడం అన్నా అక్కడ ఒకటే. బాబాయి అక్క పక్కింటినుంచి వచ్చి వింటోంది. నిలబడి నిద్రపోవడానికి అంత దూరం పోవాలా, మా ఆయన బస్సులోనే పోతాడు అంది. అందరూ నవ్వారు. నవ్వు అయిపోయాక మంచంమీంచి మాట వచ్చింది.

"మరి పండు ఏ వైపు మెత్తబడుతుంది?"

పిన్ని చేతిలో నారింజ ఉంది. దాన్ని కిందపెట్టడం మరిచిపోయింది.

అమ్మాయి నమలడం ఆపింది. తెలీదు బాబాయ్ అంది. ఎవరూ చూడలేదా అని అడిగాడు. చూసి ఉండరు, పళ్ళు వచ్చిన రెండు మూడు రోజుల్లోనే తినేస్తారట అంది. అతను కాసేపు పైకప్పు చూశాడు. దాని బరువు దానికే లేనప్పుడు అది దేనిమీద కూర్చుంటుంది, ఎక్కడ చెడుతుంది అన్నాడు. గింజ దగ్గర చెడుతుంది అంది పిన్ని. నువ్వుండు అన్నాడు. ఆ మాట ఆమె చాలా కాలం తర్వాత విన్నది.

అమ్మాయి అంతరిక్షానికి వెళ్ళిన రోజు బాబాయి అక్క, మేడ చాలలేదు కాబోలు, ఇంకా పైకెక్కింది అంది. పైకెక్కినా ఆమె ఆ ఇంట్లో మేడమీది అమ్మాయే. ఆదివారాలు బాబాయి ఫోనుకు చేసేది. అంత దూరంనుంచి రావాలి కాబట్టి మాటకూ మాటకూ మధ్య కాస్త ఎడం ఉండేది. పిన్నికి ఆ ఎడం అలవాటు కాలేదు. ప్రతిసారీ ఆగలేక రెండో మాట అనేసేది, అప్పుడు ఇద్దరి మాటలూ ఒకదానికొకటి తగిలేవి. బాబాయికి మొదటి వారమే అలవాటైంది. అడిగి, కళ్ళు మూసుకుని, ఆగేవాడు.

అంతరిక్ష కేంద్రానికి సరుకులు మోసుకెళ్ళే నౌకలో మనుషులు ఉండరు. అది తనంత తాను వెళ్ళి కేంద్రానికి అతుక్కుంటుంది. లోపలివాళ్ళు తలుపు తీసి సరుకు దించుకుంటారు, అది ఖాళీ అయ్యాక తమ చెత్త దాంట్లో నింపుతారు. తిరిగివచ్చే దారిలో అది గాలిలో కాలిపోతుంది. ఇదంతా బాబాయి అడిగి తెలుసుకున్నాడు. పోయేటప్పుడు సరుకులబండి, వచ్చేటప్పుడు చెత్తబండి అన్నమాట అన్నాడు. ఆ నౌకలోకి అన్నిటికన్నా చివర ఎక్కేవి పళ్ళు. అమ్మాయి చెప్పి వెళ్ళడంవల్ల సరుకుల ఆఫీసరు పళ్ళు పిన్ని దగ్గరే తీసుకోవడం మొదలుపెట్టాడు. ఇక్కడ ఎక్కేటప్పుడు పచ్చిగా ఉండాలి, అక్కడ దిగేటప్పుడు పండాలి. దెబ్బ ఉండకూడదు. ఆఫీసరు వాటిని ఒక్కొక్కటిగా మందుగుడ్డతో తుడిచి, వల సంచుల్లో పెట్టుకుని వెళ్ళేవాడు.

అలా వెళ్ళిన మొదటి నౌక క్షేమంగా చేరింది. తలుపు తీయగానే ముందు వాసన వచ్చిందని అమ్మాయి చెప్పింది. అందరూ చేతిలో పని వదిలేసి వచ్చారట. కాసేపు ఎవరూ ఏమీ తీసుకోలేదట, ఊరికే ఆ గుమ్మం దగ్గర ఉండిపోయారట. ఒక బేరిపండును బాబాయికి ఇచ్చిన మాటప్రకారం తినకుండా ఉంచింది. తర్వాతి ఆదివారాలు బాబాయి పొద్దున్నే ఫోను గుండెల మీద పెట్టుకుని పడుకునేవాడు.

మూడో ఆదివారం అమ్మాయి పండు చెడిందని చెప్పింది. ఏ వైపు అన్నాడు. మాటకు ముందు ఆ ఎడం గడిచాక, టేపు వేసిన వైపు అంది.

"టేపేమిటి?"

"ఎక్కడికైనా పోతుందని గోడకు టేపుతో అంటించాను బాబాయ్. ఇక్కడ ఏది వదిలినా పోతుంది. అన్నీ కట్టే ఉంచుతాం. అలవాటు."

అతను నవ్వాడు. ఆ గదిలో అతను నవ్వి ఎన్నాళ్ళయిందో పిన్నికి గుర్తులేదు. కట్టేశాక ఇంకేం తెలుస్తుంది, దానికీ నాకూ తేడా ఏముంది అన్నాడు. అమ్మాయి అవతల తలపట్టుకుంది కాబోలు, మాట రావడానికి మామూలుకన్నా ఎక్కువ పట్టింది. ఈసారి కట్టను, ఒట్టు అంది.

రెండో నౌకకు పళ్ళు ఏరడం వెనకగదిలో జరిగింది. బాబాయే అలా చెయ్యమన్నాడు. పిన్ని బుట్ట తెచ్చి మంచం పక్కన పెట్టింది. అతను ఒక్కొక్క బేరికాయ తీసి తొడిమ దగ్గర వాసన చూశాడు. బొటనవేలు ఆనించీ ఆనించనట్టు ఆనించాడు. అడుగున కొంచెం చదునుగా ఉన్నదాన్ని పక్కన పెట్టేశాడు. ఇది కూర్చోవడం మరిగింది, పనికిరాదు అన్నాడు. చివరికి రెండు తేలాయి. ఒకటి పైకి వెళ్ళాలి. రెండోది దానికి ఏదైనా అయితే అని. పైకి వచ్చిన పండును కట్టొద్దు, ముట్టొద్దు, గాల్లో వదిలెయ్యమని ఫోనులో చెప్పాడు. అమ్మాయి దానికి పెద్ద పారదర్శకమైన సంచి ఒకటి చూసిపెట్టింది. దాన్ని గాలితో ఉబ్బించి, పండును మధ్యలో వదిలి, మూతి కట్టేస్తుంది. సంచి గోడలకు తగిలితే చూసి చెబుతుంది. ఈ ఏర్పాటుకు వాళ్ళిద్దరికీ రెండు ఆదివారాలు పట్టింది. పిన్ని గింజ మాట ఎత్తినప్పుడల్లా అదీ కోసి చూద్దాంలే అన్నారు.

రాకెట్ లేచేటప్పుడు ఆ వీధిలో కిటికీల అద్దాలు గలగలమంటాయి. జనం బయటికొచ్చి తల ఎత్తుతారు. పిన్ని మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఆ అదురుకు పళ్ళగుట్టలు కూలతాయి. అందుకని రాకెట్ లేచే వేళకు నారింజల గుట్టకు రెండు చేతులూ అడ్డుపెట్టి, ఆపిల్ వరసకు ఒళ్ళు ఆనించి నిలబడుతుంది. ఆకాశంలో ఏం జరిగేదీ వీధిలోవాళ్ళ మొహాల్లో చూస్తుంది.

రెండో నౌక వెళ్ళిన రోజూ పొద్దున పది దాటాక అద్దాలు అదిరాయి. వీధిలోవాళ్ళ మొహాలు మామూలుగానే పైకి లేచాయి, మామూలుగానే మెల్లగా కిందికి దిగాయి. తెల్లటి గీత ఎప్పటిలాగే సముద్రం వైపు వంగి పలచబడింది. పిన్ని చేతులు తీసి, జారిన నారింజ ఒకటి గుట్టమీద పెట్టింది. వెనకగదిలోంచి పోయిందా అని అడిగాడు. పోయింది అంది.

కాసేపటికి టీవీలో మాట్లాడేవాళ్ళ గొంతు మారింది. రాకెట్ పైదశ ఇంజను ఆగవలసిన సమయానికన్నా ముందే ఆగిందన్నారు. నౌకతో సంబంధం తెగిందన్నారు. తర్వాత సముద్రం పటం చూపించి దానిమీద ఒక పెద్ద గుండ్రం గీశారు. నౌకలో మనుషులెవరూ లేరని, పై కేంద్రంలో ఉన్నవాళ్ళకు సరిపడా నిల్వలు ఉన్నాయని మళ్ళీ మళ్ళీ చెప్పారు.

మనుషులు లేరు కదా, పోనీలే అని వీధంతా అనుకుంది. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ అదే అన్నారు. పిన్ని కూడా అంది. అంటూ వెనక్కి చూసింది. అతను తల గోడవైపు తిప్పుకున్నాడు. తనంతట తాను తిప్పుకోగలిగింది తలొక్కటే.

సాయంత్రం సరుకుల ఆఫీసరు వచ్చాడు. మామూలుగా బండి దిగకుండా మాట్లాడే మనిషి, దిగి లోపలికొచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. తన చేతులతో తుడిచిన పళ్ళు అన్నాడు. పిన్ని మంచినీళ్ళిచ్చింది. తర్వాతి నౌకలో పళ్ళు ఉండవని వెనకగదికి వినపడకుండా చెప్పాడు. గాలి శుభ్రం చేసే జల్లెళ్ళు పోయాయి, నీటిపంపు భాగాలు పోయాయి, ముందు అవి వెళ్ళాలి. ఆ తర్వాతి నౌకలోనూ ఉండకపోవచ్చు.

ఒక్క పండు, ఒకే ఒక్కటి అని అడిగింది పిన్ని. అడిగాక సిగ్గుపడింది.

"ఒక్క పండని మీరంటారు పిన్నిగారూ. ఒక్క పుస్తకమని ఇంకొకరంటారు. ఒక్క ఉత్తరమని ఇంకొకాయన తల్లి అంటుంది. ఆ ఒక్కొక్కటీ కలిస్తేనే బండి."

నిజమే అంది పిన్ని. అది నిజమే.

ఆ మర్నాటినుంచి అతను మళ్ళీ పెడితే తిన్నాడు, తిప్పితే తిరిగాడు. టీవీలో దర్యాప్తు సంఘం గురించి చెబుతున్నా గోడే చూశాడు. ఆదివారం ఫోను రాలేదు. అక్కడ వాళ్ళకు పని ఎక్కువై ఉంటుందని పిన్ని అంది. తర్వాతి ఆదివారం కూడా రాలేదు. ఆ రోజు ఆమె ఫోను తీసి అతని గుండెల మీద పెట్టింది. కాసేపటికి అది జారి దుప్పటి మడతలో పడింది. అతను తీసుకోలేదు.

పిన్నికి కోపం వచ్చింది. రాకెట్ మీద కాదు. పెద్దపెద్దవాళ్ళు కట్టిన ఇంజను ఆగిపోయింది, దానికి ఆమె చెయ్యగలిగిందేమీ లేదు. ఒక్క ప్రశ్న, పండు ఏ వైపు మెత్తబడుతుందన్న ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఇతను గోడనుంచి ఇటు తిరిగాడు. ఇప్పుడు దాన్నీ సముద్రంలోకి వదిలేశాడు. ఇంకో ప్రశ్న ఆమె ఎక్కణ్ణుంచి తెస్తుంది. మండీలో ఆ రకం సరుకు దొరకదు.

బాబాయి అక్క ఒక ఉపాయం చెప్పింది. ఆవిడ ఆపిల్ ఏరుకోవడానికి వచ్చి, వెనకగది వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నువ్వే ఏదో ఒకటి చెప్పెయ్యవే. ఫోనొచ్చిందను. అక్కడ పండు ఏ పక్కా చెడలేదటను. వీడేమైనా వెళ్ళి చూస్తాడా?"

"అబద్ధమా వదినా?"

"పండు గురించి అబద్ధం చెబితే పాపమేంటే. రోజూ తియ్యగా ఉన్నాయని అమ్మట్లా?"

పిన్నికి నవ్వొచ్చింది. వదిన వెళ్ళినా ఆ మాట వెళ్ళలేదు. మధ్యాహ్నం అతన్ని తిప్పేటప్పుడు, ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, మేడమీది అమ్మాయి అని మొదలుపెట్టింది. అతను కళ్ళు ఆమె వైపు తిప్పాడు. చెబితే ఏమవుతుందో ఆమెకు ఆ క్షణాన రెండు రకాలుగా కనిపించింది. ఎన్నాళ్ళు ఉంచారు, ఎవరు చూశారు, కోశారా అని అతను అడగవచ్చు. అప్పుడు తను దొరికిపోతుంది. లేదా అతను ఏమీ అడక్కుండా సరే అనవచ్చు. అది ఇంకా ఘోరం.

మేడమీది అమ్మాయి గదిలో కిటికీ తీసి వెళ్ళింది, వాన కొడుతుందేమో అంది. వెళ్ళి మూసెయ్ అన్నాడు. ఆమె పైకెళ్ళి మూసే ఉన్న కిటికీ ముందు కాసేపు నిలబడి వచ్చింది.

ఫోను ఆదివారం కాని రోజున వచ్చింది. బేరం పలచబడిన వేళ. పిన్ని పళ్ళను రెండోసారి తిప్పుతోంది. బాబాయి అక్క ఎవరి పెళ్ళి సంగతో చెబుతూ అడ్డంగా నిలబడి ఉంది. దుప్పటిలోంచి ఫోను మోగింది. అతను తీయలేదు. పిన్ని పరుగెత్తి తీసి, గొంతు అందరికీ వినపడేలా పెట్టింది.

ఎడం. తర్వాత అమ్మాయి గొంతు. ముందు క్షమించమంది. సరుకు రాకపోవడంతో ఉన్నదెంతో తేల్చుకోవడానికి అన్ని అరలూ తీశారట. ఏళ్ళుగా కదపని సంచులు కూడా కదిపారట. అలా ఒక మూల పెద్ద సంచుల వెనక, గాలిని లోపలికి లాగే జాలీ ఒకటి ఉంది. తప్పిపోయినవన్నీ తిరిగి తిరిగి చివరికి అలాంటి జాలీల దగ్గరే తేలతాయి. పెన్నులు, చెంచాలు, ఒంటి మేజోళ్ళు.

"అక్కడ ఒక ఆపిల్ ఉంది బాబాయ్. మొదటి నౌకలో వచ్చింది. వల సంచి విప్పేటప్పుడు తప్పించుకుని ఉంటుంది. ఎవరూ కట్టలేదు. ఎవరూ ముట్టలేదు."

పిన్ని ఫోనును అతని చెవి దగ్గర పెట్టింది. పెట్టి, తీసి, దిండు మీద పెట్టింది. అతను గోడవైపు ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటానికి కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

"ఏ వైపు?" అన్నాడు.

జవాబుకు ముందు మళ్ళీ ఆ ఎడం. వదిన కూడా ఫోను దగ్గరికి వంగింది.

"జాలీకి ఆనుకున్న వైపు. రూపాయంత మచ్చ, గోధుమరంగు. మిగతా అంతా ముడతలు పడింది, కానీ గట్టిగానే ఉంది."

కోశారా అన్నాడు. కోశామంది. గింజల దగ్గర ఎలా ఉంది అన్నాడు. తెల్లగా, శుభ్రంగా ఉంది, మచ్చ బయటినుంచే లోపలికి దిగింది అంది. మచ్చ తీసేసి మిగతాది అందరూ తలో ముక్కా తిన్నారట. వాసన చూడ్డానికే చాలాసేపు పట్టిందట.

ఓడిపోయావు కదే అంది వదిన పిన్నితో. పిన్ని తల ఊపింది. ఇన్నేళ్ళ గింజ వాదం ఒక్క మాటతో పోయింది, ఆమెకు ఏమీ అనిపించలేదు. ఆమె అతని వీపు చూస్తోంది. అతను గెలిచినవాడిలా లేడు.

"ఇది లెక్కకు రాదు," అన్నాడు.

వదిన నోరు తెరిచింది. పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

గాలి దాన్ని జాలీకేసి నొక్కిపట్టింది కదా అన్నాడు. బరువు చేసే పని అక్కడ గాలి చేసింది. అంటే అది అక్కడా కూర్చుంది. ఎక్కడా కూర్చోకుండా ఉన్న పండు ఎలా చెడుతుందో ఇంకా ఎవరూ చూడలేదు. పైగా అది జాలీ చేరడానికి ఎన్నాళ్ళు తిరిగింది. దారిలో దేనికైనా కొట్టుకుందా. మచ్చ ఉన్నచోట ముందే దెబ్బ తగిలి ఉంటే. ఆ జాలీ గాలి ఎంత గట్టిగా లాగుతుంది, కాగితం నిలుస్తుందా, బట్ట నిలుస్తుందా. ఒకదానివెంట ఒకటి అడిగాడు. ఎడం కోసం కూడా ఆగలేదు. అవతలినుంచి మొదటి ప్రశ్నకు జవాబు వస్తుంటే ఇతను మూడోది అడుగుతున్నాడు. రెండు గొంతులూ తగులుకున్నాయి. అలా తగిలించేది ఎప్పుడూ పిన్నే.

అమ్మాయి నవ్వుతూ ఆగమంది. మళ్ళీ చూడాలంటే పండు కావాలి కదా బాబాయ్, ఇప్పట్లో రావంటున్నారు అంది.

పిన్ని చెయ్యి ఫోను మీదికి పోయింది. ఈ సంగతి అతనికి ఆమె చెప్పలేదు.

అతను ఆలోచించాడు. ఎడం కన్నా ఎక్కువసేపే పట్టింది.

"ఎప్పుడో ఒకప్పుడు వస్తాయిగా. ఈలోగా ఆ సంచిలో ఇంకేదైనా వదిలి చూడు, గోడలకు ఎన్నాళ్ళకు తగులుతుందో. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటా."

ఫోను దానంతట అదే కట్టయింది. అక్కణ్ణుంచి ఎప్పుడూ అంతే, వాళ్ళు తిరుగుతూ ఫోను అందే చోటు దాటిపోతారు. వదిన చీరకొంగు దోపుకుని, గెలిచి కూడా ఒప్పుకోని మనిషిని మా వంశంలోనే చూశాను అంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

పిన్ని ఫోను తుడిచి దిండు పక్కన పెట్టింది. ఏం మాట్లాడినా చెడిపోతుందేమో అనిపించి దుప్పటి సర్దింది.

"ఈ పక్క చాలు, తిప్పు," అన్నాడు.

అతను తిప్పమనడం ఎన్నడూ లేదు. ఆమె వేళకు వచ్చి తిప్పేది, అతను తిరిగేవాడు. ఆమె ఒక చెయ్యి భుజం కింద పెట్టింది.

"ఏ వైపు?"

"కొట్టువైపు."

తిప్పింది. వీపు కింద దిండు ఆనించింది. తెరిచిన తలుపులోంచి కొట్టు కనిపిస్తుంది. నారింజల గుట్ట, బేరిపళ్ళ బుట్ట, మెట్లు మెట్లుగా ఆపిల్ వరసలు, వాటి వెనక వీధిలో ఎండ. అతను చాలాసేపు చూశాడు.

"ఆ చివరి వరస తిప్పలేదు నువ్వు."

"ఫోనొచ్చింది కదండీ," అంది. లేచి కొట్టులోకి వెళ్ళింది. చివరి వరసలో మొదటి ఆపిల్ ఎత్తింది, అడుగు పైకి వచ్చేలా పెట్టింది. రెండోది. మూడోదానిమీద చెయ్యి వేసింది.

"అన్నీ తిప్పకు," అన్నాడు లోపలినుంచి. "దాన్ని అలా వదిలెయ్. చూద్దాం."

ఆమె చెయ్యి తీసేసింది.